పీపాలవారి సమాధిరాయి

గ్రానైట్ ఫ్యాక్టరీల్లో కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలు పేర్చే కుర్రాళ్ళు, అమ్మాయిలు ఇప్పటికీ అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన పని ఏది?" అని అడుగుతారు. నేను తీర్చిదిద్దిన అందమైన రాయి గురించి చెప్తానని వాళ్ళ ఆశ. నేను మాత్రం తప్పు పడిన రాయి గురించి చెప్తాను. మంచి రాళ్ళు చేసినందుకు నన్నెవరూ తలుచుకోలేదు. ఈ ఒక్క రాయికి మాత్రం జర్మనీలో ఒక ఊరు ఊరంతా తలుచుకుంది. ఏ భాషలో తలుచుకుందో మీరే ఊహించుకోండి.

మాది పొదిలి. ఫ్యాక్టరీలో చేరకముందు నేను బోర్డులు రాసేవాణ్ణి. ఎరువుల కొట్లు, టైలరు షాపులు, ఎన్నికలొస్తే గోడలు. నాకొక జబ్బు ఉండేది. ఎవరైనా చీటీ మీద తప్పు రాసిస్తే అది సరిచేయకుండా నా కుంచె కదిలేది కాదు. ఒక హోటలాయన "బోజనం" అని రాసిస్తే నేను ఒత్తు పెట్టి "భోజనం" అని రాశాను. నెల తిరగ్గానే వచ్చి, "నువ్వు ఆ ఒత్తు పెట్టిన దగ్గర్నుంచీ గిరాకీ పడిపోయిందయ్యా, తీసెయ్" అని గొడవపడ్డాడు. నేను తియ్యలేదు. ఆయన వేరే ఆర్టిస్టు చేత తీయించుకున్నాడు. అలాంటి మనిషిని తీసుకెళ్ళి ఒక్క ముక్క కూడా తెలియని భాషలో పేర్లు రాయమని కూర్చోబెట్టారు. ఆ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

చీమకుర్తి రోడ్డులో ఉండేది మా ఫ్యాక్టరీ. నల్లరాయిని కోసి, అద్దంలా పాలిష్ పట్టి, సమాధిరాళ్ళు చేసి విదేశాలకు పంపేవాళ్ళం. ఎక్కువ రాళ్ళు ఉత్తవే వెళ్ళేవి. కొందరు డీలర్లు మాత్రం చనిపోయిన వాళ్ళ పేరు కూడా ఇక్కడే చెక్కి పంపమనేవారు. వాళ్ళు పంపిన కాగితం చూసి నేను కంప్యూటర్లో అక్షరాలు పేర్చేవాణ్ణి. ఆ అచ్చును రబ్బరు షీటు మీదకు దించి రాయికి అతికించేవాళ్ళు. అక్షరం ఉన్నచోట రబ్బరును కత్తితో కోసి ఊడదీస్తే రాయి బయటపడుతుంది. దాని మీదకు మిషనుతో ఇసుక కొడితే ఆ మేరకే గుంట పడుతుంది. రబ్బరు కోసే పని ఎంత నాజూకో, అంత ముఖ్యం. చెయ్యి వణికితే రాయి పోయినట్టే.

ఆ పని ఒకావిడ చేసేది. యాభై ఏళ్ళుంటాయి. పక్క పల్లెలో చర్చి వెనకాల ఇల్లు. ఫ్యాక్టరీ అంతా ఆమెను అక్క అనేవాళ్ళం. చదువు లేదు. పనిచేస్తూ చర్చి పాటలు పాడుకునేది. పాట ఆగిందంటే ఏదో తేడా వచ్చిందని అర్థం. ఇంగ్లీషు అక్షరాలకు ఆమె దగ్గర సొంత పేర్లుండేవి. చిన్న జి "తోక ముక్క". చిన్న హెచ్ "కుర్చీ ముక్క". జర్మనీవాళ్ళు కొన్ని అక్షరాల నెత్తిన రెండు చుక్కలు పెడతారే, అవి "కళ్ళు". రబ్బరులో ఆ చుక్కలు ఆవగింజంత ఉంటాయి, తీయబోతే జారిపోతాయి. ఆమె చేతిలో ఒక్క కన్ను కూడా పోలేదు.

ఒక వేసవిలో జర్మనీ డీలరు నుంచి ఆర్డరు కాగితం వచ్చింది. ఒకాయన పేరు, ఆ తర్వాత ఇంటిపేరు. పుట్టిన తేదీ, పోయిన తేదీ రాయి నిలబెట్టాక అక్కడి మేస్త్రీ చెక్కుకుంటాడట, పేరొక్కటి చాలన్నారు. ఇంటిపేరు బ్యోట్గర్. నేను చూడగానే నవ్వుకున్నాను. ఎందుకంటే అంతకు ఏడాది ముందు అదే ఊరికి ఒకావిడ రాయి పంపాం. ఆమె ఇంటిపేరు బ్యోట్చర్. ఊరొకటే, డీలరొకడే, చూడబోతే కుటుంబమూ ఒకటే. పాపం ఆవిడ భర్త కూడా పోయినట్టున్నాడు, టైపు కొట్టినవాడు సి, హెచ్ కొట్టాల్సిన చోట జి కొట్టాడు అనుకున్నాను. పాత ఫైలు తెరిచాను. అందులో ఉన్నట్టే బ్యోట్చర్ అని సరిచేశాను. పైగా వాళ్ళకు ఒక తప్పు తప్పించానని టీ తెప్పించుకుని తాగాను.

మధ్యాహ్నం షెడ్డులో పాట ఆగిపోయింది. కాసేపటికి అక్క ఆర్డరు కాగితం పట్టుకుని నా గదికొచ్చింది.

"మేస్టారూ, ఈ కాగితంలో రెండో పేరుకు ఏడు ముక్కలున్నాయి. మీరిచ్చినదాంట్లో ఎనిమిదున్నాయి. తోక ముక్క పోయింది, కుర్చీ ముక్కొచ్చింది."

"అది వాళ్ళ తప్పక్కా. నేను దిద్దాను."

"వాళ్ళ పేరు వాళ్ళకు తెలీదంటారా?"

"టైపులో తప్పుపడిందమ్మా. నువ్వు కొయ్యి."

ఆమె "మీరు చదువుకున్నోళ్ళు" అని వెళ్ళిపోయింది. ఆ మాట పొగడ్తో, మరొకటో అప్పుడు ఆలోచించలేదు.

రాయి ఓడెక్కింది. వెళ్ళింది. రెండు నెలల తర్వాత ఒక ఉదయం మేనేజరుగారు ఫోను చేత్తో పట్టుకుని షెడ్డులోకి దూసుకొచ్చారు. ఆయన మామూలుగా నెమ్మదస్తుడు. ఆరోజు చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు.

జరిగిందేమిటంటే, ఆ ఊళ్ళో బ్యోట్చర్‌గారు వేరు, బ్యోట్గర్‌గారు వేరు. చుట్టాలు కూడా కారు. పక్కపక్క ఇళ్ళవాళ్ళు. మొదటి పేరు ఇద్దరిదీ ఒకటే. మన దగ్గర వీధికి ముగ్గురుండే పేర్లుంటాయి చూడండి, అక్కడ అలాంటిదన్నమాట. పోయినాయన బ్యోట్గర్. ఏడాది ముందు మేము రాయి పంపింది బ్యోట్చర్‌గారి భార్యకు. ఆ బ్యోట్చర్‌గారు ఎనభై దాటి నిక్షేపంగా ఉన్నారు. భార్య సమాధి మీద పూలమొక్కలకు నీళ్ళు పోద్దామని క్యాను పట్టుకుని వెళ్ళిన పెద్దమనిషికి పక్క వరసలో కొత్త నల్లరాయి కనపడింది. దాని మీద, తళతళలాడుతూ, తన పేరు.

ఆయన క్యాను అక్కడే వదిలేసి ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడట. సాయంత్రానికి ఊరంతా పాకింది. రొట్టెల కొట్టులో ఆయన్ని చూసి ఒకావిడ కెవ్వుమందట. అవతల పోయినాయన భార్య మాత్రం ఏడుస్తోందట. కట్టుకున్నవాడు వేరే వాళ్ళ పేరు కింద పడుకున్నాడు మరి.

"ఎవరు కోశారిది?" అన్నారు మేనేజరుగారు.

అందరం అక్క వైపు చూశాం. అందరం అంటే నేను కూడా. ఆమె నా వైపు చూసింది. నేను నా గది తలుపులోంచి కంప్యూటర్ వైపు చూశాను. తెర మీద ఏముందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

"గీసింది గీసినట్టే కోశానయ్యా" అంది.

"గీసినట్టు కోస్తే ఇట్టా ఎందుకొస్తది? అక్షరమ్ముక్క రానోళ్ళ చేతికి కత్తిచ్చాం చూడు, మాది బుద్ధి తక్కువ. రేపట్నుంచి రావద్దు."

నా పేరు చెప్పడానికి ఆమెకు ఒక్క మాట చాలు. ఆ మాట ఆమె అనలేదు. అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, కత్తి తుడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మార్చింది నేనని నేనూ చెప్పలేదు. పిల్లలూ, నేను తప్పు అన్నది ఇదీ. అక్షరం మారడం పొరపాటు. ఇది మాత్రం నేను తెలిసి చేసిన పని.

ఆరోజు షెడ్డులో పాట లేదు. మర్నాడు పొద్దున్నే మేనేజరుగారు కుర్చీలో కూర్చోకముందే లోపలికెళ్ళి నిలబడ్డాను. "మార్చింది నేనండి. అక్క వచ్చి చెప్పింది. నేనే వినలేదు" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "అయితే నిన్న నీ నోట్లో ఏముందయ్యా?"

"ఏం లేదండి."

"పోయి ఆమెను పిలుచుకురా. కాళ్ళు పట్టుకుంటావో, ఏం చేసుకుంటావో నీ ఇష్టం."

సైకిలు మీద వెళ్ళాను. అక్క వాకిట్లో కూర్చుని ఎండుమిరపకాయలు తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు. పీట కూడా వెయ్యలేదు. నేను చెప్పాల్సింది నిలబడే చెప్పాను.

"నాకు చదువు రాదు గదాని, నేను చెప్పింది మాట కాకుండా పోద్దా మేస్టారూ?" అంది.

"తప్పైపోయిందక్కా."

"సరే గానీ, మార్చొద్దని నేను ముందే చెప్పిన సంగతి ఆయనకి చెప్పారా?"

"చెప్పాను."

"ఆ ముక్క వదిలెయ్యలేదుగా?"

"లేదక్కా. అది కూడా చెప్పాను."

చేతులు కడుక్కుని లేచింది. "పదండి. ఆ కళ్ళకు నేను లేకపోతే ఎవురు దిక్కు?"

ఆమె సమస్య తీరింది. నాది మొదలైంది. ఎందుకంటే మేనేజరుగారికి ఆ పూట ఒక ఆలోచన వచ్చింది.

"ఏమయ్యా ఆర్టిస్టూ, ఆ రెండు పేర్లూ వినటానికి ఒకే మాదిరి ఉన్నాయి గదా. అసలు రెండూ ఒకటే పేరేమో! ఒకటేనని ఎవరైనా జర్మనీ తెలిసినోళ్ళ చేత రాయించుకురా. రాయి మళ్ళీ చెయ్యక్కర్లేదు."

తప్పు చేసినవాడికి తప్పించుకునే దారి చూపిస్తే కాదంటాడా? నాకూ ఉత్సాహం వచ్చింది. మా మేనకోడలు నర్సు. జర్మనీ ఆసుపత్రిలో ఉద్యోగం కోసం గుంటూరులో జర్మన్ నేర్చుకుంటోంది. మర్నాడే గుంటూరు బస్సెక్కాను.

వాళ్ళ క్లాసు మిరపకాయల కొట్టు మీద మేడగదిలో ఉంది. కింద మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దింపుతున్నారు, పైకి ఘాటు కొడుతోంది. పాతికమంది అమ్మాయిలు నోరు సున్నాలా చుట్టి కళ్ళున్న అక్షరాలు పలకడం నేర్చుకుంటున్నారు. పలకడం సగంలో ఉండగానే తుమ్ములు. ఆ తుమ్ముల వల్లే వాళ్ళ ఉచ్చారణ బాగా కుదిరిందని మా మేనకోడలు ఇప్పటికీ అంటుంది. టీచరుగారిది పొన్నూరు. జర్మనీలో కొన్నేళ్ళు నర్సుగా చేసి వచ్చిన మనిషి. నా కంటే చాలా చిన్నది. చూపు మాత్రం హెడ్మాస్టరు చూపు.

నేను రెండు పేర్లూ కాగితం మీద రాసి చూపించాను. అసలు సంగతి చెప్పకుండా, "ఈ రెండింటికీ అర్థం ఒకటేనాండి?" అనడిగాను.

"ఒకటేనండి. పీపాలు చేసేవాడని."

నా ప్రాణం లేచొచ్చింది. ఆవిడకు అదేదో ఇష్టమైన విషయంలా ఉంది, వెంటనే బోర్డు దగ్గరకెళ్ళింది. పూర్వం వాళ్ళకు ద్రాక్షసారా, బీరు, ఉప్పు చేపలు, పిండి, అన్నీ చెక్క పీపాల్లోనేనట. అందుకని ఊరూరా పీపాలు చేసేవాళ్ళు. కానీ ఒక్కో ప్రాంతంవాళ్ళు ఒక్కో పాత్ర పేరుతో పిలిచారు. ఉత్తరాన పెద్ద తొట్టిని బోటిష్ అంటారు, అది చేసేవాడు బ్యోట్చర్. ఆ మాటే యాస మారి కొన్నిచోట్ల బ్యోట్గర్. బ్యూటె అనే తొట్టి నుంచి బ్యూట్నర్. నైరుతి వైపు కూఫె అంటే పీపా, చేసేవాడు క్యూఫర్. దాని మూలం లాటిన్ మాటట, ఇంగ్లీషువాళ్ళ కూపర్ కూడా అక్కడిదేనట. బవేరియాలో షాఫ్ అనే నీళ్ళ తొట్టి నుంచి షెఫ్లర్. క్యూబెల్ అంటే బకెట్టు లాంటిది, దాన్నుంచి క్యూబ్లర్. ఇక ఫాస్ అంటే పీపా, బిండర్ అంటే కట్టేవాడు. చెక్కలు నిలబెట్టి చుట్టూ పట్టీ బిగించి కడతాడు కాబట్టి ఫాస్‌బిండర్.

ఆ చివరిది నాకు బాగా ఎక్కింది. మా పొదిలిలో బండిచక్రానికి ఇనపపట్టా ఎర్రగా కాల్చి ఎక్కించడం చిన్నప్పుడు గంటలకొద్దీ చూసేవాణ్ణి. నీళ్ళు పోయగానే పట్టా బిగుసుకుని చెక్కలన్నీ కిర్రుమని దగ్గరికొచ్చేవి. అదే పనన్నమాట.

"పీపా అనేది మన తెలుగు మాటేగా?" అన్నాను, నా వంతు పాండిత్యంగా.

"కాదండి. పోర్చుగీసువాళ్ళ ఓడల్లోంచి దిగింది."

క్లాసంతా నవ్వింది. నేను లెక్కచెయ్యలేదు. ఆరేడు పేర్లు, అందరూ ఒకటే పనివాళ్ళు. అందులో నావి రెండూ అయితే అన్నదమ్ములే. "అయితే మేడమ్, బ్యోట్చర్ అన్నా బ్యోట్గర్ అన్నా ఒకటేనని ఒక ఉత్తరం జర్మన్‌లో రాసిపెడతారా?" అన్నాను.

"ఎందుకు?"

అప్పుడు సంగతంతా చెప్పాల్సొచ్చింది. క్లాసులో తుమ్ములు కూడా ఆగిపోయాయి.

"మీ ఊళ్ళో ఇద్దరు వడ్రంగులు పక్కపక్కనే ఉన్నారనుకోండి" అంది టీచరుగారు. "ఇద్దరి పనీ ఒకటేగదాని ఒకరింట్లోకెళ్ళి ఇంకొకరు పడుకుంటారా?"

మా మేనకోడలు ఇంకో వాత పెట్టింది. "మామయ్యా, ఆధార్‌లో నా పేరులో ఒక హెచ్ ఎక్కువ పడిందని నా పాస్‌పోర్టు ఎన్ని నెలలు ఆగిందో నీకు తెలీదా? ఆఫీసుల చుట్టూ నాతో తిరిగింది నువ్వేగా. అర్థం ఒకటేనంటే అక్కడ విన్నారా?"

నేను తల వంచుకున్నాను. అయినా మేనేజరుగారు కళ్ళముందు కనపడుతున్నారు. ఉత్తరం లేకుండా వెనక్కి వెళ్ళే ధైర్యం లేదు. "మీరు రాయండమ్మా. ఏమైనా అంటే నన్నంటారు" అన్నాను. టీచరుగారు కాసేపు ఆలోచించి రాయడం మొదలుపెట్టింది. బోటిష్ దగ్గర్నుంచి ఫాస్‌బిండర్ దాకా అన్నీ వరసగా రాసింది. చివర ఒక వాక్యం రాసి గీత గీసింది. "ఇదేంటండి?" అంటే, "మర్యాదకి రాశాన్లెండి" అంది. ఫోటో తీసి డీలరుకు పంపించాం. మేనేజరుగారు ఉత్తరం పొడుగు చూసి మురిసిపోయారు.

పది రోజులకు జవాబొచ్చింది. రాసింది పోయినాయన భార్య. చేత్తో రాసిన ఉత్తరాన్ని డీలరు ఫోటో తీసి పంపాడు. నేను దాన్ని మేనకోడలికి పంపాను. ఆ పిల్ల ఫోన్ చేసి తెలుగులో చదివి వినిపించింది. షెడ్డులో స్పీకరు పెట్టుకుని మేనేజరుగారు, అక్క, నేను ముగ్గురం విన్నాం.

"మీరు రాసినవన్నీ నిజమే. మా ఆయన కూడా ఈ పీపాల కథ వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవాడు. కానీ ఆయన బ్యాంకుకెళ్ళినా, ఆసుపత్రికెళ్ళినా, ఎవరైనా ఫోను చేసినా, ముందు అనే మాట ఒకటే: 'జి అండి, సి హెచ్ కాదు.' పెళ్ళినాడు చర్చిలో కూడా అన్నాడు. యాభై ఏళ్ళు విన్నాను. విసుక్కున్నాను కూడా. ఇప్పుడు ఆయన చెప్పలేడు కదా. అందుకని ఆయన బదులు నేను చెప్తున్నాను. జి అండి, సి హెచ్ కాదు."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. ఫోనులో మేనకోడలు, "ఇంకా ఉంది" అంది.

"మీ ఉత్తరం చదువుతుంటే మొదట చాలా కోపమొచ్చింది. చివరి వాక్యం చూశాక తగ్గింది."

"ఏ వాక్యమే?" అన్నాను.

"టీచరుగారు రాసింది మామయ్యా. 'ఈ తప్పు చేసిన మనిషి నా ఎదురుగానే కూర్చున్నాడు, పైన రాసినవన్నీ ఆయన అడిగినవి, ఈ మాట అడగలేదు, కానీ ముఖం చూస్తే చాలా సిగ్గుపడుతున్నాడు' అని."

అక్క ఫక్కున నవ్వింది. మేనేజరుగారు నన్ను చూసి, "మర్యాదకి రాసిందన్నమాట" అన్నారు. ఆ తర్వాత ఆయనే లేచి కొత్త రాయి ఎంచడానికి యార్డులోకి నడిచారు. ఉన్నవాటిలో మంచి పలక తీయించారు.

ఈసారి నేను అచ్చు పేర్చి, కాగితంతో సహా అక్క బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె రెండూ పక్కపక్కన పెట్టి వేలుపెట్టి లెక్కపెట్టింది. "కళ్ళు రెండు. తోక ఒకటి. కుర్చీ లేదు. ఏడు." తర్వాత కత్తి తీసింది. ఆ రోజు నుంచి ఏ పేరైనా ఆమె లెక్కపెట్టాకే రాయి మీదకెక్కాలని మేనేజరుగారు రూలు పెట్టారు. పరీక్షించినవారు అనే చోట ఆమె సంతకం కావాలన్నారు. సంతకం రాదు కాబట్టి ఒక తోక ముక్క వేసేది. వేసేముందు ప్రతిసారీ నా వైపు ఒక చూపు చూసేది. దానికి నేను రిటైరయ్యేదాకా అలవాటు పడలేదు.

కొత్త రాయి వెళ్ళింది, నిలబెట్టారు, ఆవిడ సంతోషించింది. మరి పాత రాయి? పగలగొట్టి పారేద్దామని డీలరు లారీ తీసుకెళ్తే అక్కడ బ్యోట్చర్‌గారు అడ్డంగా నిలబడ్డారట. "నా పేరున్న రాయిని నన్నడక్కుండా ఎవరు పగలగొడతారు? నా భార్య రాయీ ఇదే రకం, ఇవే అక్షరాలు. పక్కన దీనికి జోడీ ఎక్కడ దొరుకుతుందా అని ఏడాదిగా చూస్తున్నాను. తేదీలు కూడా చెక్కలేదు. నాకిచ్చెయ్యండి" అన్నాడట. తీసుకెళ్ళి ఇంటి వెనక షెడ్డులో పెట్టుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ రొట్టెల కొట్టుకు వెళ్తున్నాడనీ, కెవ్వుమన్నావిడే రాయి చూడటానికి వచ్చి వెళ్ళిందనీ డీలరు రాశాడు.

అది అక్కడితో అయిపోయేదే. కానీ ఆ ఏడాది మా ఫ్యాక్టరీ నాణ్యత సర్టిఫికెట్టు కోసం దరఖాస్తు పెట్టింది. సరుకు అందుకున్న ప్రతి ఒక్కరి దగ్గరా అభిప్రాయం రాయించుకుని ఫైల్లో పెట్టాలన్నారు. కొత్తగా చేరిన గుమస్తా లిస్టు చూసి అందరికీ ఫారాలు పంపేశాడు. బ్యోట్చర్‌గారికి కూడా.

నెల తర్వాత ఆయన ఫారం తిరిగొచ్చింది. అప్పటికి మా మేనకోడలు జర్మనీలో ఉద్యోగంలో చేరింది. ఫోటో పంపితే డ్యూటీ మధ్యలోనే తెలుగు చేసి పంపింది. రాయి పాలిష్ ఎలా ఉంది అన్నదానికి "చాలా బాగుంది" అని రాశారు. అక్షరాలు తప్పులేకుండా ఉన్నాయా అన్నదానికి "నా వరకు ఉన్నాయి" అని రాశారు. వాడకంలో ఏమైనా ఇబ్బంది ఎదురైందా అన్న ప్రశ్న కింద రెండు ముక్కలు రాసి, కింద గీత కూడా గీశారు.

"ఇంకా వాడలేదు. తొందరేమీ లేదు."